కరెంటు పాఠాలు - 3: రెండు బల్బులు, ఒక దారా రెండు దారులా?

పోయిన భాగంలో ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, రెండు వైరు ముక్కలతో వలయం పూర్తి చేశాం. ప్లస్ దగ్గర బయల్దేరిన కరెంటు బల్బులోంచి మళ్ళీ మైనస్‌కి చేరాల్సిందే, మధ్యలో ఎక్కడ తెగినా బల్బు ఆరిపోతుంది. ఈసారి బల్బులు రెండు, సెల్లులూ రెండు. సెల్లుల్ని ఒకదాని వెనక ఒకటి పెడితే 1.5, 1.5 కలిపి 3 ఓల్టులు. బల్బు ఇత్తడి మెడ మీద 2.5 ఓల్టులు, 0.3 ఆంపియర్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండూ అదే రకం తీసుకోండి. హోల్డర్లుంటే పని సుళువు.

ముందు శ్రేణి సంధానం, అంటే ప్లస్ నుంచి మొదటి బల్బుకి, దాన్నుంచి రెండో బల్బుకి, అక్కణ్ణుంచి మైనస్‌కి. చివరి వైరు తగిలించకుండా ఆగి, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో నోటుబుక్కులో రాసుకోండి. పదో తరగతి పిల్లల్ని అడిగితే చాలామంది ప్లస్ పక్కనున్నదే అంటారు, అది ముందు తన వాటా తినేసి మిగిలింది రెండోదానికి పంపుతుందని వాళ్ళ లెక్క. ఇప్పుడు వైరు తగిలించండి. రెండూ సమానంగా, మందంగా వెలుగుతాయి. సెల్లులు తిరగేసి పెట్టినా అంతే. ఒకవేళ ఒకటి కాస్త ఎక్కువ వెలుగుతుంటే రెండింటినీ చోటు మార్చి చూడండి, ఎక్కువ వెలిగేది ఎక్కడ పెట్టినా ఎక్కువే వెలుగుతుంది, అంటే తేడా ఆ బల్బుదే గానీ చోటుది కాదు.

కరెంటు ఖర్చయిపోదు. మొదటి బల్బులోకి ఎంత వెళ్ళిందో అంతా బయటికొస్తుంది, ఖర్చయ్యేది శక్తి. 3 ఓల్టుల్ని రెండు బల్బులూ 1.5 చొప్పున పంచుకుంటాయి, అందుకే మందం. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే చాప్టర్‌లో సగం టెన్షన్ పోయినట్టే. ఇప్పుడు ఒక బల్బు మర తిప్పి వదులు చేయండి, రెండోదీ ఆరిపోతుంది.

ఇక సమాంతరం. రెండు బల్బుల ఒక కొసల్ని కలిపి ప్లస్‌కి, రెండో కొసల్ని కలిపి మైనస్‌కి ఇవ్వండి. రెండూ బాగా వెలుగుతాయి, ఒకటి పీకేసినా రెండోది కదలదు. తిరుమలకు నడిచి వెళ్ళడానికి అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఏ దారిన వెళ్ళినా ఎక్కాల్సిన కొండ ఒకటే, ఆ ఎత్తే ఓల్టేజి అనుకోండి. మెట్లలాగే కరెంటుకి దారిలో ఉండే అడ్డే నిరోధం, తక్కువ నిరోధమున్న దారిలో కరెంటు ఎక్కువ పోతుంది. (జనం మాత్రం అలిపిరి వైపే ఎక్కువ, కరెంటుకు మొక్కులుండవు కదా.)

ఓమ్ నియమంతో, అంటే ఓల్టుల్ని నిరోధంతో (దాని కొలత ఓములు) భాగించి కరెంటు లెక్క కట్టండి. బల్బు నిరోధం 10 ఓములు అనుకుంటే శ్రేణిలో మొత్తం 20, కరెంటు 0.15 ఆంపియర్. సమాంతరంలో ఒక్కోదానికి 0.3, మొత్తం 0.6, అంటే సెల్లులు తొందరగా అయిపోతాయి. మల్టీమీటర్‌తో ఆరిన బల్బు నిరోధం కొలిస్తే మాత్రం 10 రాదు, చాలా తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి, ఫిలమెంట్ (బల్బులో వెలిగే సన్నని తీగ) వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది.

ఇంట్లో ఫ్యాను, లైటు, ఫ్రిజ్ అన్నీ సమాంతరమే, అన్నిటికీ 230 ఓల్టులే. గంగమ్మ జాతరకి, పెళ్ళిళ్ళకి కట్టే పాత రకం సీరియల్ సెట్లలో 6 ఓల్టుల బల్బులు 38 దాకా ఒకే వరసలో ఉండేవి, 230ని 6తో భాగిస్తే వచ్చేది దాదాపు అదే. ఒక్కటి మాడితే వరసంతా చీకటి, ఇక ఒక్కో బల్బూ పీకి చూసుకోవడమే. ఇప్పటి ఎల్ఈడీ సెట్లలో చాలావాటిని ముక్కలు ముక్కలుగా సమాంతరంలో కలుపుతారు కాబట్టి పోతే ఒక ముక్కే పోతుంది.

అన్నీ సమాంతరమే అయితే నీళ్ళ మోటర్ వేసిన క్షణంలో ట్యూబులైటు ఎందుకు డల్ అవుతుంది? స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే వైరు అన్నిటికీ శ్రేణిలో ఉంది, దానికీ కొంచెం నిరోధం ఉంది. మోటర్ మొదలయ్యేటప్పుడు మామూలుకంటే చాలా రెట్లు కరెంటు లాగుతుంది, ఆ కొద్ది నిరోధం దగ్గరే కొన్ని ఓల్టులు పోతాయి, లైటుకి అంత తక్కువ అందుతుంది. ఇది చూసి అర్థం చేసుకోవడానికే, ఇంటి ప్లగ్గులో వైర్లు పెట్టి ప్రయోగాలు చేయొద్దు. మనవన్నీ సెల్లులతోనే.

ఇంటిపని: మూడు బల్బులు, ఒకటి వరసలో, దాని తర్వాత రెండు సమాంతరంగా. సమాంతరంలోంచి ఒకటి పీకేస్తే మిగతా రెండింటి వెలుగు ఏమవుతుంది? ముందు రాయండి, తర్వాతే పీకండి. ఒకటి పెరుగుతుంది, ఒకటి తగ్గుతుంది, ఏది ఏదో, ఎందుకో వచ్చే భాగంలో చూద్దాం. దానికి ఒక ఎర్ర ఎల్ఈడీ, 9 ఓల్టుల బ్యాటరీ, 390 ఓముల రెసిస్టర్ తెచ్చిపెట్టుకోండి. రెసిస్టర్ లేకుండా ఎల్ఈడీని నేరుగా బ్యాటరీకి తగిలించొద్దు, మాడిపోతుంది.