మ్యూజిక్ వీడియోను చదవడం – మూడో పాఠం: మాటకూ బొమ్మకూ ఉన్న చుట్టరికం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసినవాళ్ల నోట్‌బుక్‌లో ఈపాటికి ఒక పాట షాట్ల పట్టిక ఉండాలి. ఏ షాటు ఏ సెకనులో మొదలైంది, కెమెరా ఎంత దగ్గరగా ఉంది, ఫ్రేములో ఎవరున్నారు. ఈ వారం ఆ పట్టికకు ఇంకో గడి చేరుద్దాం: ఆ షాటు నడుస్తున్నప్పుడు వినబడుతున్న మాట ఏది? గడి చిన్నదే. కానీ వీడియో తీసినవాళ్ల ఆలోచన బయటపడేది ఎక్కువగా అక్కడే.

ఈ పనికి మనకు దారి చూపేది మ్యూజిక్ వీడియోల మీద రాసిన మీడియా పండితుడు ఆండ్రూ గుడ్‌విన్. మ్యూజిక్ వీడియోల కోసమే పెట్టిన అమెరికా టీవీ చానెల్ ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. ఆ తర్వాత పదేళ్లపాటు చాలామంది విమర్శకులు మ్యూజిక్ వీడియో అంటే తలాతోకా లేని బొమ్మల వరస అనే రాశారు. గుడ్‌విన్ 1992లో వచ్చిన తన పుస్తకంలో దాన్ని ఒప్పుకోలేదు. ముందు పాట వినండి, బొమ్మ ఆ పాటతో ఏం చేస్తోందో చూడండి అన్నాడు. బొమ్మకూ సాహిత్యానికీ మూడు రకాల సంబంధం ఉంటుందన్నాడు. మొదటిది ఇలస్ట్రేషన్: మాట ఏది చెబితే బొమ్మ అదే చూపిస్తుంది. రెండోది యాంప్లిఫికేషన్: మాట చెప్పినదానికి బొమ్మ కొత్త అర్థం జోడిస్తుంది. మూడోది డిస్‌జంక్చర్: మాట ఒక దారి, బొమ్మ ఇంకో దారి.

నిర్వచనాలు కంఠతా పట్టి లాభం లేదు, పాట మీద పెట్టి చూడాలి. మన తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు వేరే పాట వెతుక్కోనక్కర్లేదు. అన్నమయ్య కీర్తన ఉంది:

అదివో అల్లదివో శ్రీహరివాసము
పదివేల శేషుల పడగలమయము

ఈ పాటకు మీరే వీడియో తీస్తున్నారనుకోండి. పల్లవి మొదటి పాదం దగ్గర ఏం చూపిస్తారు? పాడేవాడు వేలు చాపి కొండను చూపిస్తున్నాడు. కెమెరా కొండ మీదికి తిరిగితే అది ఇలస్ట్రేషన్. ఈ కీర్తనకు వచ్చే వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దీన్ని తక్కువ చేసి చూసే అలవాటు మీడియా చదివే పిల్లల్లో ఉంది. నేను ఒప్పుకోను. తెలుగు రాని యాత్రికుడికి ఈ కీర్తన దేని గురించో క్షణంలో తెలియాలంటే ఇలస్ట్రేషనే కావాలి.

రెండో పాదం దగ్గరే పేచీ. పదివేల శేషుల పడగలు. గ్రాఫిక్స్‌లో వేల పడగలు విప్పిన పామును చూపిస్తే మాటను ఉన్నదున్నట్టు చూపించినట్టే. అదే మాట దగ్గర, తెల్లవారుజామున ఊళ్లోంచి కనిపించే శేషాచలం అంచులు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నట్టు చూపిస్తే? అప్పుడు బొమ్మ ఉపమానాన్ని విప్పి మన చేతిలో పెడుతోంది. ఆ అంచులే పడగలు అని చూసేవాడు తనంతట తాను గ్రహిస్తాడు. నా లెక్కలో ఇది యాంప్లిఫికేషన్. కొండ చూపించడం మొదటి పాదంలో ఇలస్ట్రేషన్ అయింది, రెండో పాదంలో కాలేదు. ఒకే షాటుకు పక్కన ఉన్న మాటను బట్టి పేరు మారుతుంది. అందుకే బొమ్మల పట్టిక ఒక్కటే చాలదు, మాటల గడి కావాలి అన్నది.

మొదటి చరణం చివర ఈ పాదం వస్తుంది: అదె చూడుడు అదె మొక్కుడు ఆనందమయము. ఇక్కడ ఒక షాటు ఊహించండి. అలిపిరి నడకదారి. ఒకావిడ చేయి మాత్రమే ఫ్రేములో ఉంది. మెట్టు మీద పసుపు రాసింది, కుంకుమ బొట్టు పెట్టింది, పై మెట్టుకు జరిగింది. మళ్లీ పసుపు, మళ్లీ కుంకుమ. ముఖం లేదు, కొండ లేదు, గోపురం లేదు. పాట చూడండి అంటోంది, ఆవిడ చూపు మాత్రం మెట్టు మీదే ఉంది. మొక్కడమంటే ఇన్ని వేల మెట్లకు నడుము వంచడం అని బొమ్మ చెబుతోంది. ఈ సంగతి అన్నమయ్య పాదంలో లేదు, అయినా ఆ పాదానికి ఎదురు చెప్పడం లేదు. యాంప్లిఫికేషన్‌కు ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చెప్పలేను.

ఇక అదే మెట్ల మీద ఇంకో మనిషి. తెల్లవారకముందే చీపురు పట్టి మెట్లూడ్చే పనివాడు. పాట చూడుడు, మొక్కుడు అంటున్నంతసేపూ అతను తల వంచి ఊడుస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ పైకి చూడలేదు. దీనికి ఏ పేరు పెడతారు? ఊడ్చడమూ సేవే అనుకునేవాడికి ఇది యాంప్లిఫికేషన్. అందరూ చూసే కొండను చూసే తీరిక లేని మనిషి కథగా తీసుకునేవాడికి డిస్‌జంక్చర్. మీడియా, సంస్కృతి మీద రాసిన మేధావి స్టువర్ట్ హాల్ 1973లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: తీసినవాడు పెట్టిన అర్థాన్ని చూసేవాడు ఉన్నదున్నట్టు ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత తన అనుభవంతో సర్దుకోవచ్చు, పూర్తిగా ఎదురు తిరిగి చదవవచ్చు. కాబట్టి గడిలో పేరు రాసి ఊరుకోకండి. ఎవరి కళ్లతో చూసి ఆ పేరు పెట్టారో కూడా రాయండి.

అసలు సిసలు డిస్‌జంక్చర్ కావాలంటే 1985లో వచ్చిన అమెరికా పాప్ గాయని మడోనా ‘మెటీరియల్ గర్ల్’ చూడండి. పాటంతా డబ్బున్న మగాళ్లే కావాలంటుంది. వీడియోలో పాట చుట్టూ అల్లిన కథలో మాత్రం ఖరీదైన కానుకలు నటి మనసును కదిలించవు, మామూలు పూలగుత్తి కదిలిస్తుంది. నాట్యం చేసే భాగం 1953 నాటి ఒక సినిమాలో మార్లిన్ మన్రో పాటను గులాబీ రంగు గౌనుతో సహా గుర్తు చేస్తుంది. ఇలా పాత బొమ్మను పిలిచి తెచ్చుకోవడాన్ని ఇంటర్‌టెక్స్‌చువాలిటీ అంటారు. దానికి వేరే పాఠం ఉంది.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పాలి. వీడియోల్లో పదేపదే కనిపించే పద్ధతులన్నీ ఎవరో సరదాగా కనిపెట్టినవి కావు, వాటి వెనక కారణాలు ఉంటాయి. తిరుమల ఆలయం లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. మూలవిరాట్టును చిత్రీకరించడానికి వీల్లేదు. అయినా స్వామిని చూపించాలి. అందుకని భక్తి వీడియోల్లో ఒక వరస స్థిరపడింది: కింది నుంచి పైకి లేచే గోపురం, వెంటనే దగ్గరగా హారతి మంట, ఆ వెంటనే పటమో నమూనా విగ్రహమో. మూడూ మూడు చోట్ల తీసినవే కావచ్చు. పక్కపక్కన అతికించేసరికి మనం మహాద్వారం దాటి లోపలికి వెళ్లినట్టే అనిపిస్తుంది. రెండు షాట్లు కలిస్తే ఏ ఒక్కదానిలోనూ లేని అర్థం పుడుతుందని రష్యాలో సినిమా దర్శకుడు కులెషోవ్ వందేళ్ల కిందటే చూపించాడు. గాయని ముఖం మాటిమాటికీ దగ్గరగా రావడానికి కారణం వేరు. కళాకారుల్ని జనం గుర్తుపట్టాలి, పాట అమ్ముడవాలి. క్లోజప్పులు అడిగేది రికార్డు కంపెనీ అని గుడ్‌విన్ ఏనాడో రాశాడు. పట్టుచీర కట్టి, చేతులు జోడించి పాడే భక్తి వీడియోకూ ఇది వర్తిస్తుంది. అంతమాత్రాన ఆ భక్తి అబద్ధం అనడానికి లేదు. రెండూ ఒకే ఫ్రేములో ఉంటాయి, రెండూ రాసుకోవాలి.

ఇక మీ పని. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద వచ్చిన పాట ఏదైనా ఒకటి తీసుకోండి. మొదట ఫోను బోర్లా పెట్టి పాట మాత్రమే వినండి, సాహిత్యం పాదం పాదంగా రాసుకోండి. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి, షాట్లు రాసుకోండి. ఈ రెండూ అయ్యాకే మాటా బొమ్మా కలిపి చూడాలి. మొదటే కలిపి చూస్తే బొమ్మ చెప్పిందే పాటలోనూ ఉందనుకుంటాం. పాటంతా వద్దు, పల్లవీ ఒక చరణమూ చాలు. ఒక షాటు దగ్గర ఏ పేరూ కుదరకపోతే బలవంతంగా ఇరికించకండి. ప్రశ్నార్థకం పెట్టి, ఎందుకు కుదరలేదో రెండు వాక్యాలు రాయండి. వచ్చే పాఠంలో వాటితోనే ఎక్కువ పని.

ఆ పాఠం చూపుల గురించి. సినిమా కెమెరా ఆడదాన్ని మగవాడి కళ్లతో చూస్తుందని సినిమా విమర్శకురాలు లారా మల్వీ 1975లో రాసింది. మన జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, ఆడవేషంలో అమ్మవారికి మొక్కు తీర్చుకుంటారు. ఆ వేషాన్ని కెమెరా ఎవరి కళ్లతో చూస్తోంది, నడుమును చూస్తోందా, ముఖంలోని భక్తిని చూస్తోందా? పట్టికలో ‘చూస్తున్నది ఎవరు’ అని ఇంకో గడి గీసి, ఇప్పటికి ఖాళీగా ఉంచండి.