దగ్గు బిళ్ళలు: మందు తేలికే, పాకంతోనే తంటా

సార్వా నూర్పిళ్ళు మొదలయ్యాయంటే మా కోనసీమలో ఎవర్ని పలకరించినా గొంతు బొంగురే. పగలంతా ధాన్యం దుమ్ము, తెల్లారుజామున కాలవ గట్టు మీద మంచు, అది చాలదన్నట్టు గడ్డి తగలబెట్టిన పొగ. మెడికల్ షాపులో బిళ్ళలు దొరక్క కాదు, ఇంట్లో చేసుకుంటే ఘాటు మన చేతిలో ఉంటుందని నేనే చేస్తాను. ఇవి జబ్బు నయం చేసేవి కావు. చప్పరిస్తుంటే నోట్లో నీరు ఊరి గొంతు తడిగా ఉంటుంది, గరగర తగ్గుతుంది, అంతే.

శొంఠి పొడి ఒక చెంచా, మిరియాల పొడి అర, పిప్పళ్ళ పొడి పావు కలిపి, పలచని గుడ్డలో జల్లించి పెట్టుకోండి. బరక ఉంటే అసలే మండుతున్న గొంతుకి గీసుకుంటుంది. గ్లాసు నీళ్ళలో గుప్పెడు తులసాకులు, వేలెడు అతిమధురం వేరు దంచి వేసి సగమయ్యేదాకా మరిగించి వడకట్టండి. ఆ కషాయంలోనే పావుకిలో బెల్లం కరిగించి, ఇసుక పోయేలా మళ్ళీ వడకట్టి, వంద గ్రాముల పంచదార వేసి సన్నటి సెగ మీద పెట్టండి.

ఇక్కడి నుంచే అసలు కథ. మొదటిసారి నేను ఉండపాకం రాగానే దించేశాను, అరిసెలకి సరిపోతుంది కదా దీనికెందుకు సరిపోదనుకుని. చల్లారాక బిళ్ళలు బాగానే కనిపించాయి, తెల్లారి చూస్తే సీసాలో అన్నీ కలిసి ఒకటే ముద్ద! మా మామ్మ ఆ సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, “తీర్థంలో జీళ్ళు ఎప్పుడూ కొనలేదుటే? వాటి పాకం ఇంకా ముదరాలి” అంది. చల్లటి నీళ్ళ గిన్నెలో పాకం చుక్క వేసి చూస్తూ ఉండాలి. ముందు సాగుతుంది, తర్వాత ఉండ కడుతుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది గానీ పళ్ళకి అంటుకుంటుంది, అక్కడ ఆగకూడదు. తీసి విరిస్తే టప్పున విరగాలి, గిన్నెకేసి కొడితే ఖంగుమనాలి. అంటే దాదాపు 150 డిగ్రీల వేడి, అది దాటితే బెల్లం మాడి చేదెక్కుతుంది కాబట్టి చివరి రెండు నిమిషాలు ఫోన్ ఎత్తకండి, పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వకండి. పాకం ఒంటి మీద పడితే నీళ్ళలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది.

నిమ్మరసం పిండమంటారు కొందరు. ఒట్టి పంచదారతో చేస్తే అది మంచిదే, పాకం పలుకులు కట్టదు. బెల్లానికి చెమ్మ పీల్చే గుణం ముందే ఉంది, నిమ్మరసం దాన్ని ఇంకా పెంచుతుంది, మన గోదావరి గాలికి అది అక్కర్లేదు.

దించగానే పొడులు, చిటికెడు ఉప్పు కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో చిన్న చిన్న చుక్కలుగా వేయండి. పూర్తిగా ఆరాక శొంఠి పొడిలో దొర్లించి గాజు సీసాలో పెట్టుకోవాలి, తడిచెయ్యి పెట్టారో అంతే సంగతులు. రోజుకి నాలుగైదు చాలు.

ఐదేళ్ళలోపు పిల్లలకి బిళ్ళ ఇవ్వకండి, గొంతులో అడ్డం పడుతుంది. బీపీ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి అతిమధురం లేకుండా చేయండి, అది బీపీ పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు వీటి జోలికి పోకపోవడమే మేలు, బెల్లమైనా అదీ తీపే. దగ్గు రెండు వారాలు దాటినా, జ్వరం, ఆయాసం, కళ్ళెలో రక్తం కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ముసురు పట్టి బిళ్ళలు అంటుకుపోయాయా, పారేయకండి. ముద్దలోంచి ఓ ముక్క విరిచి మరిగే నీళ్ళలో వేసుకుంటే అప్పటికప్పుడు కషాయం.