పాత డీజిల్ కారు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి

మూడేళ్ళ కిందట నేనో పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. చూడ్డానికి వెళ్ళేసరికి బండి తళతళలాడుతోంది, టైర్లకు పాలిష్ కొట్టారు, ఇంజన్ ఆన్‌లోనే ఉంది. "ఎండలో వస్తున్నారని ఏసీ వేసి ఉంచాం సార్" అన్నాడు అమ్మేవాడు. అబ్బ, ఎంత మర్యాదస్తుడో అనుకున్నా. ఆ మర్యాద ఖరీదెంతో డిసెంబరులో తెలిసింది. పొద్దున ఆరున్నరకు సెల్ఫ్ కొడితే గరగరమని తిరగడమే తప్ప అంటుకోదు, చివరికి అంటుకుంటే సెల్లారంతా తెల్లపొగ, ఏదో కాలిపోతోందనుకుని వాచ్‌మన్ బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయి. కొన్న రోజు కూడా అవి అలాగే ఉండుంటాయి, వేడి ఇంజన్ దగ్గర నాకు తెలియలేదంతే.

అందుకని మొదటి మాట ఇదే. బండిని పొద్దున్నే, చల్లటి ఇంజన్‌తో చూడండి. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ఫోన్‌లోనే చెప్పండి. వెళ్ళగానే పెయింటూ సీట్లూ చూడకుండా ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే "ఇప్పుడే కడిగించుకొచ్చాం", "పక్కకు తీసి పెట్టాం" అని ఏదో ఒకటి చెబుతారు. నిజమే కావచ్చు కూడా, కానీ మీరు టీ తాగేసి ఇంటికి వెళ్ళిపోయి మర్నాడు పొద్దున రండి. మళ్ళీ వెచ్చగానే ఉంటే ఆ బండిని వదిలేయండి.

చల్లగా ఉందనుకోండి, తాళం తిప్పి మీటర్‌లో కాయిల్ గుర్తు ఆరిపోయేదాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు సెకన్లలో అంటుకోవాలి. మన హైదరాబాద్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే కాబట్టి హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్ అంటుకోవడానికి ముందుగా వేడెక్కేవి, ఆ కాయిల్ గుర్తు వాటిదే) పాడైనా బండి నడిచిపోతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అందుకే చలికాలంలో కొనేవాళ్ళు అదృష్టవంతులు, బండి జబ్బులు వాళ్ళకు కనబడినంతగా మే నెలలో కొనేవాళ్ళకు కనబడవు.

స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక మనిషిని సైలెన్సర్ వెనక నిలబెట్టండి. స్టార్టింగ్‌లో కాస్త పొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. ఆగకుండా తెల్లపొగ వస్తూ కళ్ళు మండుతుంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదని, అంటే ఇంజెక్టర్లో, హీటర్ ప్లగ్గులో, కంప్రెషనో అనుమానించాలి. తెల్లపొగతో పాటు రేడియేటర్ నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయిందేమో చూడాలి, ఇది పెద్ద ఖర్చు. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం, పిస్టన్ రింగులన్నా అరిగుండాలి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో సీలన్నా పోయుండాలి. నల్లపొగ అన్నిటికంటే మామూలు విషయం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా వస్తుంది, కాలిన పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకున్నా వస్తుంది, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు చిరిగినా వస్తుంది, కాబట్టి నల్లపొగ చూసి పారిపోకండి, రేటు మాత్రం గట్టిగా దించండి.

తర్వాత ఇంజన్ ఐడిల్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. కొంచెం వణికితే ఏం కాదు. టపటపమని ఎగిరి పడుతున్నా, మూత తీయగానే కుక్కర్ విజిల్ వచ్చినట్టు పొగ తన్నుకొస్తున్నా సిలిండర్లలోని ఒత్తిడి రింగులు దాటి కిందికి వస్తోందని. మెకానిక్‌లు దాన్నే "ఇంజన్ పనికొచ్చింది" అంటారు, వినడానికి మంచి మాటలా ఉంటుంది గానీ ఇంజన్ విప్పాలని దాని అర్థం. ఈ పరీక్ష చేస్తుంటే అమ్మేవాడి ముఖం ఓసారి గమనించండి, నాకైతే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. ఇక డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగా ఉంటుంది, భయపడకండి, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటేనే భయపడాలి, అది నీళ్ళు కలిసిన ఆయిల్.

టైమింగ్ సంగతి, అంటే వాల్వులను సరైన వేళకు తెరిచి మూసేలా తిప్పేది చైనా, బెల్టా అన్నది కూడా తెలుసుకుని వెళ్ళండి, ఎందుకంటే ఒకే రకం డీజిల్ కార్లని మనం అనుకునేవాటిలో కూడా ఇది వేరువేరుగా ఉంటుంది. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా క్వాడ్రాజెట్, పుంటోల్లో వాడింది ఫియట్ వాళ్ళ 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజనే, దానికి చైన్ ఉంటుంది. ఐ20, వెర్నా సీఆర్‌డీఐలకూ చైనే. చైన్ వదులైతే చల్లటి స్టార్టింగ్‌లో మొదటి కొన్ని సెకన్లు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు చప్పుడొస్తుంది, ఇంజన్ వేడెక్కాక ఆ చప్పుడు పోతుంది. మళ్ళీ చల్లటి ఇంజన్ దగ్గరికే వచ్చాం చూశారా. పాత ఇన్నోవా 2.5 డీ4డీ, డస్టర్ 1.5, పోలో, వెంటోల 1.5 టీడీఐలకు మాత్రం బెల్టు. దానికి కిలోమీటర్ల లెక్కా ఉంటుంది, ఏళ్ళ లెక్కా ఉంటుంది. మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు రేటులోంచి తీసేయండి, ఎందుకంటే అది నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ అయితే సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. అది తనంతట తాను కాలి శుభ్రపడాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో పాకే కారులో అది మూసుకుపోతుంది. మీ వాడకం కూడా అంతే అయితే, నిజం చెప్పాలంటే మీకు డీజిల్ అక్కర్లేదు. లీటరుకు పది పన్నెండు రూపాయల తేడా చూసి డీజిల్ వైపు వెళ్తారు గానీ, నెలకు ఐదారు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్ళు మిగిల్చుకునేదాన్ని ఒక్క ఇంజెక్టర్ల బిల్లు మింగేస్తుంది. వారం వారం ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళకైతే డీజిలే బాగుంటుంది.

నడిపి చూడ్డానికి గల్లీలో ఒక రౌండు సరిపోదు. మెహదీపట్నం వైపు బండి అయితే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ దాకా వెళ్ళండి, సిగ్నల్ లేకుండా పదకొండు కిలోమీటర్లకు పైనే దొరుకుతుంది. మూడో గేరులో 40 మీద ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే టర్బో తన్నుతున్నట్టు తెలియాలి. బండి బద్ధకంగా కదులుతూ అంబులెన్స్ సైరన్ లాంటి ఈల వేస్తుంటే టర్బోను అనుమానించండి. క్లచ్ కోసం బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులు ఉండనే ఉన్నాయి. ఎక్కుడులో ఆర్‌పీఎం ముల్లు అంతకంతకూ పైకి పోతూ స్పీడు మాత్రం పెరగకపోతే ప్లేట్లు అయిపోయినట్టే.

మన ఊరి బండికి ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకోటుంది, నీళ్ళు. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకి వైపు కార్లు పడవల్లా తేలడం అందరం చూశాం, ఆ తర్వాత కూడా ఏటా ఏదో ఒక సెల్లార్ నిండుతూనే ఉంది. మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మేయడం పెద్ద పనేం కాదు. కానీ కడిగేవాళ్ళు సీట్ బెల్టును చివరిదాకా లాగి కడగరు. మీరు లాగండి, పూర్తిగా, ఇంక రాదు అనేదాకా. లోపల దాగి ఉండే ఆ చివరి మూరెడు మీద బురద గీత కనిపిస్తే బండి మునిగిందని అదే చెబుతుంది. తర్వాత సీట్ల కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో మట్టి, కార్పెట్ లేపితే ముక్కవాసన. డీజిల్ ఇంజన్ నీళ్ళు మింగితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, పైగా ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) వైరింగ్ తడిసిన బండి ఏ రోజు ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

మీటర్‌లో కిలోమీటర్లను నమ్మకండి. పదేళ్ళ డీజిల్ బండి 58 వేలే తిరిగిందంటే, అంత తక్కువ తిరిగేవాడు డీజిల్ ఎందుకు కొన్నాడని అడగండి. "డాక్టర్ గారి కారండీ, హాస్పిటల్‌కీ ఇంటికీ అంతే" అంటారు, ఈ ఊళ్ళో పాత కార్లన్నీ డాక్టర్లవే మరి. బండి నంబరు పట్టుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చివరి సర్వీసు ఎన్ని కిలోమీటర్లకు అయిందో కనుక్కోండి. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము మెరుస్తుంటే అది 58 వేల పెడల్ కాదు. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది, 2319 అంటే 2019లో 23వ వారం, దాన్ని బండి ఏడాదితో పోల్చి చూడండి. హైటెక్ సిటీ వైపు క్యాబ్‌గా తిరిగి తెల్ల ప్లేటుకు మారిన బండ్లూ బోలెడు, నంబర్ ప్లేటు చుట్టుపక్కల సందుల్లో పసుపు రంగు మరకలు వెతకండి.

కాగితాల్లో మొదట చూడాల్సింది ఆర్‌సీ గడువు. సొంత కార్లకు అది రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్ళు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబరుందంటే ఆ బండి 2014 జూన్‌కు ముందుది, గడువు దగ్గర్లోనే ఉందనో, దాటిపోయిందనో అన్నమాట. ఆర్‌సీలో హెచ్‌పీ (హైపోథికేషన్, అంటే బండి మీద లోన్ ఉన్నట్టు) అని ఉంటే లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బివ్వొద్దు. చలాన్లు ట్రాఫిక్ పోలీసుల సైట్‌లో మీరే కొట్టి చూడండి. ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30 సంతకాలు పెట్టించుకోండి, ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీకు రాదు. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిళ్ళను తిప్పకూడదన్న గొడవ 2015 నుంచీ నడుస్తూనే ఉంది కాబట్టి అక్కడి బండ్లు ఇక్కడ చవగ్గా దొరుకుతాయి. వాటికి అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ ఉందా, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంత అనేది తేలకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

వీటిలో సగమైనా మీకు చేతకాదనిపిస్తే డీజిల్ పని తెలిసిన మెకానిక్‌ను స్కానర్‌తో సహా వెంట తీసుకెళ్ళండి, అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు. ఆయన పొద్దుటి పూట పని మానుకుని వస్తాడు కాబట్టి బండి కొన్నా కొనకపోయినా డబ్బులిచ్చి పంపండి. నేను ఆ రోజు అది దండగ ఖర్చనుకున్నాను.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి. డీజిల్ ఫిల్టర్ విప్పినప్పుడు అందులో మిగిలింది ఒక గాజు గ్లాసులో పోయించి, ఐదు నిమిషాలు కదపకుండా పెట్టి చూడండి. అడుగున నీళ్ళు వేరుగా కనిపిస్తే ఆ రోజే ట్యాంకు కూడా దింపించి కడిగించండి.