విశాఖ అడవివరం జైలుకు ములాఖత్‌కి (ఖైదీని కలవడానికి) వెళ్లే ముందు జాగ్రత్తలు

ముందు లాయరుగారికి ఫోన్ చేసి, ఆ రోజు మీవాళ్లకి కోర్టు వాయిదా ఉందేమో అడగండి. పాడేరు నుంచో అరకు నుంచో రాత్రే బయల్దేరి వచ్చి, మనిషి కోర్టుకెళ్లాడని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఒరిజినల్ ఆధార్, ఒక జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. ఖైదీ పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, పోలీస్ స్టేషన్ పేరు చీటీ మీద రాసుకోండి. రిమాండ్ ఖైదీయా, శిక్ష పడిన ఖైదీయా అని అడుగుతారు. విచారణ ఇంకా తేలనివాళ్లు రిమాండ్ ఖైదీలు. ఇద్దరికీ ములాఖత్ నియమాలు ఒకటి కావు.

ఫోను, బీడీలు, అగ్గిపెట్టె వద్దు. గేటు దగ్గర ఎవరైనా "అక్కా, ఈ ప్యాకెట్ లోపల ఇచ్చెయ్యవా" అంటే ఎంత జాలేసినా తీసుకోకండి. లోపల ఏముందో మీకు తెలియదు, కేసు మీ మీదే పడుతుంది.

మీవాళ్లు బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లయితే డాక్టర్ చీటీ తీసుకెళ్లి సిబ్బందికి చూపించండి. మందులు నేరుగా ఖైదీ చేతికి ఇవ్వనివ్వరు.

మాట్లాడే టైమ్ కొంచెమే. కాబట్టి బెయిల్ సంగతి మొదట చెప్పండి. అరెస్టై రిమాండ్‌కి పంపాక, కేసును బట్టి మామూలుగా 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీట్ (నేరారోపణ పత్రం) వేయకపోతే బెయిల్ అడిగే హక్కుంటుంది. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, ఉచిత న్యాయసహాయం అడగండి.

అప్పుల గొడవ, చుట్టాల మాటలు ఆ రోజుకి ఆపండి. సాయంత్రం బ్యారక్‌లకి తాళాలు పడ్డాక తెల్లారేదాకా ఆ బ్యారక్‌లో మీ మాటలే తలచుకుంటూ ఉంటారు. పిల్లలు ఏం తిన్నారో, బడిలో ఏం చేశారో చెప్పండి.