పాత తుపాకీలో మందు ఉందో లేదో కర్రతో చూడండి

తాతల నాటి నాటు తుపాకీ చేతికి రాగానే అందరూ చెక్క మీది నగిషీ చూసి ముచ్చటపడి, వెంటనే ట్రిగ్గర్ నొక్కి చూస్తారు. గొట్టంలో మందు దట్టించి వదిలేశారో లేదో పైకి తెలియదు. పొడిగా ఉన్న తుపాకీ మందు ఎన్నేళ్లయినా పేలుతుంది.

ముందుగా నిప్పు అంటుకునే చోట టోపీ (కొడితే నిప్పు పుట్టించే చిన్న లోహపు మూత), చెకుముకిరాయి లాంటివి లేవని చూసుకోండి. మూతి ఎవరి వైపూ లేకుండా, మీరు పక్కకు నిలబడి, గొట్టం కంటే పొడవైన సన్నని వెదురు కర్రను తగిలేదాకా మెల్లగా దించండి. ఇనుప కడ్డీ వద్దు. మూతి దగ్గర పెన్సిలుతో గీత గీసి, కర్రను బయటికి తీసి, గీత మూతికి సరిపోయేలా గొట్టం పక్కన ఆనించండి. కర్ర కొస నిప్పు రంధ్రం దగ్గరికి వస్తే సాధారణంగా గొట్టం ఖాళీయే. ఒకటి రెండు అంగుళాల ముందే ఆగితే లోపల ఏదో ఉన్నట్టే.

విశాఖ సముద్రపు గాలికి రాలిన తుప్పు పెళ్లలున్నా, కందిరీగ మట్టిగూడున్నా కర్ర ముందే ఆగుతుంది. కొన్ని తుపాకుల్లో అడుగున గొట్టమే సన్నబడుతుంది. అనుమానముంటే మందు ఉందనే అనుకోండి. పొడిచి తీయబోకుండా లైసెన్సున్న తుపాకుల దుకాణం వారిని పిలిపించి చూపించండి.