యాత్రా ఫొటోగ్రఫీ, 5వ పాఠం: వెలుగులో కొంత, చీకట్లో కొంత

పోయినసారి ఇచ్చిన పని గుర్తుందిగా? కిటికీ పక్కన ఇత్తడి బిందె పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫొటోలు తీయమన్నాను. వెలుగు పక్కనుంచి పడ్డప్పుడే బిందె గుండ్రంగా వచ్చి ఉంటుంది. ఎదురుగా పడ్డప్పుడు పళ్లెంలా చదునుగా మారిపోయి ఉంటుంది. ఈసారి బిందెను ఇంట్లోనే వదిలేసి బెలుం గుహల్లోకి దిగుదాం.

నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల దగ్గర ఉన్నాయివి. పైన మామూలు చదును నేల, అందులో బావుల్లాంటి గోతులు. కింద 3,229 మీటర్ల పొడవున సున్నపురాయి గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాసి పెట్టాడు. 1982, 83లలో జర్మన్ బృందమొకటి లోపలంతా తిరిగి పరిశోధించింది. సందర్శకులను పోనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే. అంటే సగానికి పైగా మన కంటికి అందదు. ఈ పాఠానికి ఇంతకన్నా సరైన చోటు నాకు తట్టలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నూటనలభై ఫొటోలు తెచ్చాను, అన్నీ ఫోన్ నైట్ మోడ్‌లో తీసినవే. ప్రతి మూలా పట్టపగల్లా కనిపిస్తోంది. మా చెల్లెలు చూసి, "పని మధ్యలో ఆగిపోయిన ఫంక్షన్ హాల్లా ఉందన్నయ్యా" అంది. ఫోన్ తప్పేమీ లేదు పాపం. నైట్ మోడ్ వరసగా కొన్ని ఫొటోలు తీసి, కలిపి, నీడల్ని పైకి లేపుతుంది. అన్నీ చూపించడం దాని ఉద్యోగం. ఈ పాఠంలో మన పని దానికి పూర్తిగా ఎదురు.

ఫొటో చూసినవాళ్లకు ఒక ప్రశ్న మిగలాలి. ఒక్కటే. ఆ దారి ఎటు పోతుంది? ఆ రాయి ఎంత పెద్దది? ఆ మెట్ల చివర ఏముంది? వీటిలో ఒకదానికి జవాబు దాచి, మిగతావన్నీ స్పష్టంగా చూపాలి. అన్నీ దాచేస్తే దానికి రహస్యమని పేరు పెట్టలేం, కరెంటు పోయిన ఫొటో అంటాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. అందుకే ముందు ఫ్రేములో బాగా వెలుగు పడ్డ వస్తువు ఒకటి వెతకండి, చీకటి సంగతి తర్వాత.

గుహలో రెండు రకాల వెలుగుంటుంది. మొదటిది గోతి నోట్లోంచి దిగే ఎండ. బెలుం దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి రోజుల్లోనూ ఆగస్టు రెండో వారంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, గడియారంలో పన్నెండుంబావు దాటుతుండగా. మామూలుగా మిట్టమధ్యాహ్నం కెమెరా సంచిలో పెట్టేయమంటాను. గోతి దగ్గర మాత్రం ఆ మాట చెల్లదు. కిందనుంచి చూస్తే అదే మంచి వేళ. ఎండ పడ్డ చోట నిలబడకండి. నాలుగడుగులు లోపలికి జరిగి, చీకట్లోంచి వెలుగు వైపు తీయండి.

రెండోది లోపల పెట్టిన దీపాలు. దీపానికి మీటరు దూరంలో ఉన్న గోడ మీద పడే వెలుగుతో పోలిస్తే, రెండు మీటర్ల దూరంలో నాలుగో వంతు, మూడు మీటర్ల దగ్గర తొమ్మిదో వంతే పడుతుంది. అందుకే దీపపు వెలుగు గబగబా చీకట్లోకి జారిపోతుంది. ఆ జారుడే మనకు కావలసింది. బల్బు ఏదో ఒక రాతి వెనక దాగేలా నిలబడి, గోడ మీద పాకే వెలుగును మాత్రం తీయండి. బల్బు కనిపించిందంటే ఆ వెలుగు ఎక్కణ్నుంచి వస్తోందన్న ప్రశ్నకు అప్పుడే జవాబు ఇచ్చేసినట్టు.

కెమెరాకు ఒక వెర్రి ఉంది. నల్లగా ఉన్నదాన్ని కూడా బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. కాబట్టి ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుగును, ఒక స్టాప్ నుంచి రెండు స్టాపుల దాకా తగ్గించండి. ఒక్కో స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది. ఫోన్లో అయితే బాగా వెలుగు పడ్డ గోడ మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను కిందికి లాగండి. వెలుగు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే దీపాల పసుపును కడిగేస్తుంది. డేలైట్‌లో ఉంచితే ఆ పసుపు నిలుస్తుంది. ఇంకో చిన్న మాట: లోపల ఉక్కగా, తేమగా ఉంటుంది. ఏసీ కారు దిగి నేరుగా వెళ్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కెమెరాను ఓ పావుగంట సంచిలోనే ఉంచి అలవాటు పడనివ్వండి.

నీడకు అంచు కావాలి. అంచు లేని నలుపు ఫొటోలో చిల్లు పడ్డట్టుంటుంది. బెలుంలో సింహద్వారం అనే రాతి కమాను ఉంది. దాని ముందు దీపపు వైపు నిలబడి తీస్తే వట్టి రాయి. చీకటి వైపుకు వెళ్లి, కమాను అవతల వెలుగు ఉండేలా తీస్తే సింహం తల ఆకారం నల్లగా తేలుతుంది.

ఇక కొలత. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, భయపడకండి. లేపాక్షి నంది ఎత్తు దాదాపు 15 అడుగులు, పొడవు 27. అయిదున్నర అడుగుల మనిషిని దాని పాదాల దగ్గర నిలబెట్టి, నలభై అడుగుల దూరం నుంచి తీస్తే ఫొటోలో మనిషి నందిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ ఉంటాడు. అసలు నిష్పత్తి అదే. అదే మనిషి కెమెరాకు పదడుగుల దూరానికి వచ్చి నవ్వుతూ నిలబడితే? ఫొటోలో అతని ఎత్తు నందికి దాదాపు ఒకటిన్నర రెట్లు! అంత బసవన్న దూడైపోతాడు. మన కుటుంబ ఆల్బమ్‌లలో ఉన్న నందులన్నీ దూడలే, ఒకసారి తీసి చూడండి.

కాబట్టి మనిషిని వస్తువు పక్కకు పంపి మీరు వెనక్కి రండి, జూమ్ వాడండి. మనిషి ముఖం కనబడక్కరలేదు. వెలుగు, చీకటి కలిసే గీత మీద, కాళ్లు కాస్త విడిగా పెట్టి, అటు తిరిగి నిలబడితే చాలు. గండికోటలో పెన్నా లోయ తీసేటప్పుడు మాత్రం కొలత కోసమని ఎవరినీ కొండ అంచు మీదికి తోలకండి. అవతలి గట్టు మీది పొద చాలు, మేకలుంటే మరీ మంచిది.

కొలతను పూర్తిగా తీసేయడం కూడా ఒక పద్ధతే, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. బెత్తెడు సున్నపురాతి అంచును పక్కవెలుగులో దగ్గరగా తీసి, చుట్టూ రెయిలింగు, చేతులు, బోర్డులు లేకుండా చూస్తే అది పర్వతశ్రేణిలా ఉంటుంది. చూసినవాళ్లు తికమక పడితే పడనివ్వండి. ఫొటో కింద రాసే మాటలో మాత్రం కొండ అని రాయొద్దు.

ఈ వారం పనికి బెలుం దాకా వెళ్లక్కరలేదు. రాత్రి లైట్లార్పి, గోడవారన రోలు లేదా అటువంటి గరుకు రాయి ఏదైనా పెట్టి, టార్చిని దాని వెనక దాచి ఆరు ఫొటోలు తీయండి. మూడింటిలో పక్కన అగ్గిపుల్ల ఉండాలి, మూడింటిలో ఉండకూడదు. ఏమీ చెప్పకుండా ఇంట్లో ఎవరికైనా చూపించి, అదేమిటో, ఎంత పెద్దదో అడిగి, వాళ్లన్నది నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో వానలో తీయడం. రెండు ప్లాస్టిక్ కవర్లు, ఒక పాత తువ్వాలు సిద్ధంగా ఉంచుకోండి.