మీ పేరుతో ఇంకొకరు అప్పు తీసుకోకుండా: రోజువారీ జాగ్రత్తలు

మీ వివరాలన్నీ దొంగకు ఒకేచోట దొరకవు. పుట్టినరోజు శుభాకాంక్షల పోస్టులో పుట్టిన తేదీ, ఎవరికో వాట్సాప్‌లో పంపిన గుర్తింపు కార్డు ఫొటో, ఏళ్ల కిందట ఏదో వెబ్‌సైట్ నుంచి లీకైన పాస్‌వర్డ్... ఇలా ముక్కముక్కగా ఏరి, జతచేసి, ఆ మనిషి తానేనని నమ్మిస్తాడు. ఆ ముక్కల్లో చాలావరకు ఇప్పటికే బయట ఉన్నాయనుకోవడమే మంచిది. పుట్టిన తేదీని మార్చుకోలేం కదా. కాబట్టి అన్నీ దాచేద్దామని తంటాలు పడేకన్నా, ముక్కలు దొరికినా పని జరగకుండా చూసుకోవడం ముఖ్యం. ఆ పని జరిగేది ఎక్కువగా రెండింటి ద్వారా: మీ మెయిల్, మీ ఫోన్ నంబరు. ఈ రెండింటికీ ఒక పూట కేటాయించండి. మిగతావి ఆ తర్వాత.

ముందు మెయిల్

ఏ ఖాతాలోనైనా ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అన్నది నొక్కితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు సాధారణంగా మెయిల్‌కే వస్తుంది. మెయిల్ చేజారిందంటే మిగతావన్నీ దాని వెనకే పోతాయి. అందుకే మెయిల్ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిది అయి ఉండాలి. ఒక సైట్ నుంచి లీకైన మెయిల్, పాస్‌వర్డ్ జతలను వందల సైట్లలో వరుసగా ప్రయత్నించి చూసే ప్రోగ్రాములున్నాయి. మీ పాస్‌వర్డ్‌ను ఎవరూ కూర్చుని ఊహించనక్కర్లేదు, రెండుచోట్ల ఒకటే పెట్టి ఉంటే చాలు.

పొడవు 15 అక్షరాలకు తగ్గకూడదు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. అయితే ఆ మాటలను మనసులోంచి కాకుండా, ఏదైనా పుస్తకం తెరిచి కన్ను పడ్డచోటు నుంచి తీసుకోండి. పాట పల్లవులు, సామెతలు వద్దు. ఇక మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత నియమాన్ని మర్చిపోవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని చెప్పింది. అలా మార్పిస్తే జనం చివర ఉన్న 1ని 2 చేసి ఊరుకుంటారు. లీకైందని తెలిస్తే మాత్రం వెంటనే మార్చాలి. మీ మెయిల్ ఏయే లీకుల్లో బయటపడిందో ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైట్‌లో చూసుకోవచ్చు. ట్రాయ్ హంట్ 2013 నుంచి దాన్ని నడుపుతున్నారు. అక్కడ మెయిల్ అడ్రస్ ఒక్కటే ఇస్తే సరిపోతుంది.

తర్వాత రెండంచెల ధృవీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగేలా పెట్టడం. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ ఏమీ లేనిదానికన్నా నయం. దానికన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు. అందులో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ మీ ఫోన్‌లోనే తయారవుతుంది, సిమ్‌తో దానికి పనిలేదు. అన్నిటికన్నా గట్టిది పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోన్ లాక్ తీసి లాగిన్ అయ్యే పద్ధతి. అది తనను నమోదు చేసిన అసలు సైట్‌లో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. నకిలీ పేజీ చూసి మీరు మోసపోయినా అది మోసపోదు.

ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది: బ్యాకప్ కోడ్‌లు. రెండంచెల ధృవీకరణ పెట్టినప్పుడు ఒక్కోసారికి మాత్రమే పనికొచ్చే కోడ్‌లు ఇస్తారు. గూగుల్‌లో అయితే పది వస్తాయి. వాటిని కాగితం మీద రాసి ముఖ్యమైన పత్రాలతో పాటు పెట్టండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే, ఆ ఫోన్ పోయినప్పుడే కదా వాటి అవసరం పడేది.

రికవరీ నంబరు, రికవరీ మెయిల్ ఏమున్నాయో ఒకసారి తెరిచి చూడండి. ఎప్పుడో వదిలేసిన నంబరు అక్కడ కనిపించడం మామూలే. వాడకం ఆపేసిన నంబర్లను టెలికాం కంపెనీలు కొంతకాలానికి వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. అప్పుడు మీ రికవరీ కోడ్ వాళ్లకు వెళ్తుంది.

మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్ల పేజీ కూడా చూడండి. లోపలికి దూరినవాడు మొదట చేసే పనుల్లో ఒకటి, మీ మెయిళ్ల నకలు తనకు చేరేలా లేదా ‘ఓటీపీ’, ‘బ్యాంకు’ అన్న మాటలున్నవి నేరుగా చెత్తబుట్టలో పడేలా ఒక నియమం పెట్టడం. పాస్‌వర్డ్ మార్చినా ఆ నియమం అలాగే ఉంటుంది. హెచ్చరిక మెయిల్ ఎందుకు రాలేదని జనం ఆశ్చర్యపోయేది ఇందుకే. మీరు పెట్టని నియమం ఏదున్నా తీసేయండి. మీకు తెలియని డివైజ్‌లను లాగవుట్ చేయండి.

చివరగా, పంపిన మెయిళ్లలో మీ పేరు, ‘ఐడీ’, ‘పాస్‌పోర్టు’, ‘జీతం స్లిప్పు’ లాంటి మాటలతో వెతకండి. ఏళ్లుగా పంపిన స్కాన్లు బయటపడతాయి. మెయిల్‌లోకి వచ్చిన దొంగ చేసే వెతుకులాట కూడా అచ్చం ఇదే. తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి.

ఫోన్ నంబరు

సిమ్ స్వాప్ అంటే, మీ సిమ్ పోయిందని చెప్పి మీ నంబరుకు కొత్త సిమ్ తీసుకోవడం. కొత్తది పనిచేయగానే మీ చేతిలోని సిమ్ చచ్చిపోతుంది, ఓటీపీలన్నీ అటు వెళ్తాయి. 2019లో అప్పటి ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ నంబరును చేజిక్కించుకుని, ఆయన సొంత ఖాతా నుంచే ట్వీట్లు పెట్టారు. చుట్టూ అందరికీ సిగ్నల్ ఉండి మీకొక్కరికే పోయి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినా రాకపోతే, రేపు చూద్దామనుకోకండి. వేరే ఫోన్ నుంచి అప్పటికప్పుడు టెలికాం కంపెనీకి ఫోన్ చేయండి. సిమ్ మార్చాలంటే అదనపు పిన్ అడిగేలా పెట్టే సౌకర్యం మీ కంపెనీలో ఉంటే ఇప్పుడే పెట్టించుకోండి.

ఫోనే దొంగతనానికి గురైతే అడ్డుపడేది సిమ్ పిన్. అది లేకపోతే, మీ స్క్రీన్ లాక్ ఎంత గట్టిదైనా, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలు వచ్చేస్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని వెతికితే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: మొదటిసారి ఆన్ చేసేటప్పుడు కంపెనీ ముందే పెట్టిన పిన్ అడుగుతుంది. ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అయి, దాన్ని తెరిచే ఎనిమిదంకెల కోడ్ (పీయూకే) అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. అసలు పిన్ ఏమిటో ముందే కనుక్కుని, ఆ తర్వాత మీది పెట్టుకోండి.

లాక్ స్క్రీన్ మీద మెసేజ్ సారాంశం కనపడకుండా చేయండి. లాక్ తీయకుండానే ఓటీపీ చదవగలిగితే లాక్ ఉండీ దండగే. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ కింద ఆరంకెల పిన్ పెట్టండి. ఓటీపీ దొరికినా ఆ పిన్ లేకుండా మీ ఖాతాను వేరే ఫోన్‌లో వెంటనే తెరవలేరు.

ఎవరైనా ఫోన్ చేసి, స్టార్‌తో మొదలై హ్యాష్‌తో ముగిసే నంబరేదో డయల్ చేయమంటే చేయొద్దు. అలాంటి కోడ్‌లతో మీ కాల్స్‌ను వాళ్ల నంబరుకు మళ్లించవచ్చు. ఆపైన ఓటీపీని వాయిస్ కాల్‌లో చెప్పించుకుంటారు. అనుమానముంటే *#21# డయల్ చేస్తే, కాల్స్ అన్నిటినీ మళ్లించే ఏర్పాటు ఉందో లేదో తెలుస్తుంది. ##002# చాలా నెట్‌వర్క్‌లలో మళ్లింపులన్నీ తీసేస్తుంది.

కాగితాలు, ఫొటోలు

గుర్తింపు కార్డు కాపీ ఇచ్చే ముందు అడగాల్సిన మాట ఒకటుంది: ‘చూసి ఇచ్చేస్తారా, ఉంచుకుంటారా?’ చాలాచోట్ల చూస్తే సరిపోతుంది. అలవాటు కొద్దీ కాపీ అడుగుతారంతే. ఇవ్వక తప్పకపోతే కాపీ మీద ఏటవాలుగా, ‘ఫలానా సంస్థకు, ఫలానా పని కోసం మాత్రమే’ అని తేదీతో సహా రాయండి. ఖాళీగా ఉన్న అంచున రాస్తే కత్తిరించేస్తారు, అది రాయనట్టే. అక్షరాల మీదుగా, ఫొటో మూలను తాకుతూ వెళ్లాలి, అలాగని వివరాలు చదవలేనంతగా కాదు, లేకపోతే తిరస్కరిస్తారు. పలచటి నీలం పెన్నుతో రాస్తే చక్కగా కుదురుతుంది.

జిరాక్స్ తీయించేటప్పుడు అసలు కార్డు మిషన్‌లోనే మర్చిపోవడం అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది, ప్రింట్ కోసం మీరు పంపిన ఫైల్ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతుందని. మీ ముందే తీసేయమనండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. అక్కడ మీ వాట్సాప్ తెరిచి ఉంటే ఫోన్‌లో ‘లింక్డ్ డివైజెస్’లోకి వెళ్లి లాగవుట్ కొట్టండి.

ఫొటోలో నంబరు దాచడంలో జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. ఫోన్‌లోని హైలైటర్ గీత నల్లగా కనిపించినా పూర్తిగా మూయదు, వెలుతురు పెంచితే కింది అంకెలు తేలతాయి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెడితే చాలాసార్లు కింది అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ చేస్తే వచ్చేస్తాయి. పిక్సెల్ ఫోన్లలో కత్తిరించిన స్క్రీన్‌షాట్ల నుంచి, కోసేసిన భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టవచ్చని 2023లో బయటపడింది. విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ అలాంటి లోపమే దొరికింది. రెండింటినీ సరిచేశారు, కానీ అప్పటికే పంపిన బొమ్మలు పంపినట్టే ఉన్నాయి. తేలికైన మార్గం, ఫొటో తీయకముందే నంబరు మీద కాగితం ముక్క పెట్టడం. లేని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెలికి తీయలేదు.

కార్డు పట్టుకుని సెల్ఫీ పంపమని ఎవరైనా అడిగితే రెట్టింపు అనుమానించండి. చాలాచోట్ల ఖాతా తెరవడానికి కావలసింది సరిగ్గా అదే. ఇంటర్వ్యూ కూడా కాకముందే పత్రాలన్నీ అడిగే ఉద్యోగ ప్రకటనల అసలు సరుకు ఉద్యోగం కాదు, మీ పత్రాలు.

ఫోన్ గ్యాలరీ మొత్తాన్ని యాప్‌లకు తెరవకుండా, ‘ఎంచుకున్న ఫొటోలు మాత్రమే’ అన్న అనుమతి ఇవ్వండి. పాత ఫోన్ అమ్మేటప్పుడు వరుస తప్పొద్దు: ముందు ఆథెంటికేటర్‌ను కొత్త ఫోన్‌లోకి మార్చి, అక్కడ కోడ్‌తో ఒక్కసారైనా లాగిన్ అయి చూసి, తర్వాత పాతదాంట్లో ఖాతాలు తీసేసి, సిమ్, మెమరీ కార్డు బయటికి లాగి, ఆఖరున ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. రీసెట్ ముందు చేసేసి, సొంత ఖాతాల బయట నిలబడ్డవాళ్లు బోలెడుమంది.

పారేసే కాగితాలకు అడ్డంగా, నిలువుగా రెండువైపులా కోసే ష్రెడ్డర్ వాడండి. పట్టీలుగా కోసేదైతే, కోత అక్షరాల వరుసలకు అడ్డంగా పడేలా కాగితం పెట్టండి. లేదంటే ఒక్కో పట్టీ మీద ఒక్కో వరుస చెక్కుచెదరకుండా మిగులుతుంది.

మెసేజ్, ఫోన్ కాల్ వచ్చినప్పుడు

ఓటీపీ రాగానే కళ్లు అంకెల మీదికి పోతాయి. అంకెల పక్కనున్న మాటలు చదవండి: ఎంత మొత్తానికి, ఎవరికి, ఏ పనికి. డబ్బు వాపసు వస్తుందని చెప్పినవాడి మాటకూ, ‘చెల్లింపు కోసం’ అని ఉన్న మెసేజ్‌కూ పొత్తు కుదరదు.

లింకులో అసలు సైట్ పేరు తెలుసుకోవాలంటే, ‘://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. ‘మీబ్యాంకు.కామ్.ఖాతా-సాయం.నెట్/లాగిన్’ అని ఉంటే ఆ సైట్ ‘ఖాతా-సాయం.నెట్’. ముందున్న బ్యాంకు పేరు అలంకారమే. పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ దాచి, ఆయా సైట్లలో తానే నింపే యాప్) వాడేవాళ్లకు ఇంకో సౌలభ్యం ఉంది. నకిలీ పేజీలో అది పాస్‌వర్డ్ దానంతటదే నింపదు. అలా నింపనప్పుడు విసుక్కుని చేత్తో కొట్టకండి, అడ్రస్ చూడండి.

ఫోన్‌లో కనిపించే నంబరు బ్యాంకుదే అయినా చేసింది బ్యాంకని నమ్మకం లేదు, నంబరును నకిలీ చేయవచ్చు. పెట్టేసి, కార్డు వెనక ముద్రించిన నంబరుకు మీరే చేయండి. స్క్రీన్ చూపించే యాప్ పెట్టుకోమన్న క్షణంలో సంభాషణ ఆపేయండి. ఓటీపీని మీరు చెప్పకపోయినా వాళ్లకు కనిపిస్తుంది.

మీ అమ్మ పుట్టింటి పేరు, మీ మొదటి స్కూలు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పాలన్న నియమమేమీ లేదు. అర్థంలేని జవాబు పెట్టి మేనేజర్‌లో దాచుకోండి.

ముందుగా కనిపెట్టడం, ఆ తర్వాత

ఖాతాల్లో ఎంత చిన్న మొత్తం పోయినా మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి. దొంగిలించిన కార్డు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ముందు చాలా చిన్న మొత్తం లాగి చూస్తారు. క్రెడిట్ రిపోర్టు (మీ పేరు మీదున్న అప్పుల చిట్టా) వచ్చే దేశాల్లో దాన్ని ఏడాదికి రెండు మూడుసార్లు తెప్పించుకుని, అప్పుల జాబితా కన్నా ముందు ‘ఎంక్వయిరీలు’ అన్న భాగం చదవండి. మీరు దరఖాస్తు పెట్టని సంస్థ మీ రిపోర్టు అడిగిందంటే, మీ పేరుతో ఎవరో అప్పు అడుగుతున్నట్టే. తెలియని చిరునామా కనిపించడం ఇంకో గుర్తు. క్రెడిట్ ఫ్రీజ్ సౌకర్యం ఉంటే వాడుకోండి. అమెరికాలో 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం. ఫ్రీజ్‌లో ఉండగా మీ పేరుతో కొత్త అప్పు పుట్టడం కష్టం, మీకే అవసరమైనప్పుడు తీసేయవచ్చు. పిల్లల పేర్లు, చనిపోయినవారి పేర్లు దొంగలకు ఇంకా ఇష్టం, ఎందుకంటే ఆ రిపోర్టులు ఎవరూ చూడరు.

మోసం జరిగిందని తెలిస్తే మొదట కదలాల్సింది బ్యాంకు ఖాతా, కార్డు ఆపించడానికి, అదీ ఫోన్ మీద. తర్వాత, అనుమానం లేని వేరే డివైజ్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని లాగిన్లు తీసేసి, ఫార్వర్డింగ్ నియమాలు చూడండి. సిమ్ పోయి ఉంటే టెలికాం కంపెనీ. ఆ తర్వాతే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు. మెయిల్ బాగుచేయకుండా వాటిని మారిస్తే కొత్త లింకులు కూడా దొంగకే చేరతాయి. తర్వాత పోలీసు ఫిర్యాదు. మాట్లాడిన ప్రతి ఒక్కరి పేరు, సమయం, ఫిర్యాదు నంబరు ఒకచోట రాసుకోండి. ఆ అప్పు మీది కాదని సంస్థకు రాసే లేఖతో పోలీసు ఫిర్యాదు కాపీ జతచేసి, చేరినట్టు రసీదు తీసుకోండి. రసీదు లేకపోతే వసూలు వాళ్లు మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఫలానా తేదీనే చెప్పానని చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.